హాస్టల్ కంపల్సరీ అన్నారు, ఇంట్లో ఇద్దరు పిల్లలు

పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్‌లో చేరదామని ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్తే, ఆఫీసులో కూర్చున్నాయన ఫీజు కంటే ముందు చెప్పిన మాట "హాస్టల్ కంపల్సరీ అమ్మా". నాకు పెళ్లయింది సార్, ఇద్దరు పిల్లలు, ఉండేది ఈ ఊళ్లోనే అన్నాను. "మీరు ఉండకపోయినా పర్లేదు, ఫీజు మాత్రం కట్టాలి" అన్నాడు. మెస్ బిల్లుతో సహా!

నేను జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా చదివి, కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని. వార్డులో జీఎన్ఎం వాళ్లమైనా, బీఎస్సీ వాళ్లయినా తోసేది ఒకే ట్రాలీ, ఎక్కించేది ఒకే సెలైన్. తేడా ఇన్‌చార్జి పోస్టు దగ్గర, ట్యూటర్ ఉద్యోగం దగ్గర బయటపడుతుంది. ఎయిమ్స్ వాళ్ల నర్సు ఉద్యోగాల పరీక్ష నార్సెట్‌కు బీఎస్సీ ఉంటే చాలు, మాకైతే యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం చూపాలి. జీఎన్ఎం మూడేళ్లు, ఆపైన పోస్ట్ బేసిక్ రెండేళ్లు. నేరుగా బీఎస్సీ చేస్తే నాలుగేళ్లే. అయినా సంసారం ఉన్నవాళ్లకు నేను మొదటి దారే చెబుతాను. మధ్యలో ఆగి జీతం తీసుకోవచ్చు, కాన్పులు కానిచ్చుకోవచ్చు. ఇంట్లో కూర్చోబెట్టి బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేయిస్తామనే వాళ్ల జోలికి మాత్రం పోకండి.

ఈ వయసులో డిగ్రీ ఎందుకని మా అత్తమ్మ అడగలేదు. "పొద్దున పిల్లల్ని ఎవరు లేపుతరు?" అని అడిగింది. కాలేజీ వెతుక్కునే తల్లి ముందు తేల్చుకోవాల్సిందీ అదే. బిల్డింగు, స్మార్ట్ క్లాసు, ప్లేస్‌మెంట్ల ఫొటోలు తర్వాత చూసుకోవచ్చు. క్లినికల్ పోస్టింగ్ ఏ ఆసుపత్రిలో వేస్తారు, బస్సు ఎన్నింటికి కదులుతుంది, కమ్యూనిటీ పోస్టింగ్‌కు ఏ పీహెచ్‌సీకి పంపుతారు, రాత్రి అక్కడే ఉండాలా? ఇవి అడగండి. సొంత ఆసుపత్రి ఉందంటారు. అందులో పేషెంట్లున్నారో లేదో ఓ పూట ఓపీలో కూర్చుంటే మీకే తెలుస్తుంది. ఖాళీ మంచాలుంటే పోస్టింగులు ఇంకెక్కడో వేస్తారు, మీరు చీకట్లోనే బస్సెక్కాలి. నేను చేరిన కాలేజీలో ల్యాబ్ చిన్నది, గోడలకు సున్నం కూడా సరిగా లేదు. పోస్టింగ్ మాత్రం మా ఇంటికి దగ్గరి దవాఖానలోనే. కాలేజీ చూసి మా ఆడపడుచు పెదవి విరిచింది. విరవనీ.

ఇక హాజరు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం పరీక్ష రాయాలంటే థియరీ, ప్రాక్టికల్ రెండింట్లోనూ 80 శాతం ఉండాలి, రాకపోవడానికి కారణం ఏదైనా సరే. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్ 100 శాతం పూర్తి కావాలి. చంటిదానికి జ్వరమొచ్చినా, మీకే కాన్పయినా ఆ లెక్క మారదు. దీన్ని సడలించమని నేను అడగను. వెంటిలేటర్ అలారం మోగితే బిక్కచచ్చి నిలబడిన కొత్తమ్మాయితో నైట్ డ్యూటీ చేశాను, వార్డులో గడపని గంటలు ఎక్కడ బయటపడతాయో నాకు తెలుసు. పోయిన గంటల్ని ఆదివారమో, సాయంత్రం షిఫ్టులోనో చేసి పూడ్చుకునే పద్ధతిని చేరేటప్పుడే కాగితం మీద పెట్టమంటున్నా. ఇప్పుడది ప్రిన్సిపల్ దయ. కొన్నిచోట్ల దయకు రేటు కూడా ఉంది.

ఇక పిల్లల్ని ఎక్కడ వదలాలి? యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. మేం ప్రాక్టికల్స్ చేసే పెద్ద దవాఖానల్లో పనిచేసేవాళ్లు వందల్లో ఉంటారు. కానీ విద్యార్థిని ఉద్యోగి కాదు కదా! తెల్ల యూనిఫాం వేసుకుని, ఇంజెక్షన్లు చేసి, బెడ్లు సర్ది, చార్టులు రాసినా ఆ నిబంధనకు మేం కనిపించం. తెలంగాణలో జిల్లా జిల్లాకూ సర్కారు మెడికల్ కాలేజీ పెట్టుకున్నాం. ఆ ఆసుపత్రుల్లో ఒక గది తీసి, ఇద్దరు ఆయాలను పెట్టి, నర్సింగ్ విద్యార్థినుల పిల్లల్ని కూడా తీసుకోమనండి. నైట్ పోస్టింగ్ ఉన్న రోజు రాత్రంతా తెరిచి ఉంచాలి. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా అని బోర్డు పెడితే, అది మాకు కాదు, ఆఫీసు వాళ్లకు పెట్టినట్టు.