అమ్మ కోసం దిగొచ్చిన మెట్టు

‘మీరెళ్ళి రండిరా, నేను ఇంట్లోనే ఉంటా.’

మూడు నెలలుండి వెళ్దామని నాగోయా వచ్చిన అమ్మ, మొదటి రెండు వారాలూ ఇదే మాట. చలికి భయపడుతోందేమో అనుకున్నా. అసలు సంగతి మోకాళ్ళు. విజయవాడలో మా ఇంటి కారు ఎక్కాలంటే ఒకళ్ళు చెయ్యి పట్టుకోవాలి, ఇంకొకళ్ళు వెనక నుంచి సాయం పట్టాలి. నొప్పి కంటే ఆ మొహమాటమే ఆవిడకి ఎక్కువ. కారు ప్రయాణం అంటేనే వద్దనడం అలవాటైపోయింది.

ఓ ఆదివారం ఫ్రెండ్ తన టయోటా నోవా తెచ్చాడు. ‘రండి ఆంటీ’ అంటూ బటన్ నొక్కాడు. తలుపు పక్కకి జరిగింది. దాంతోపాటే కింద నుంచి ఓ మెట్టు బయటికొచ్చింది. అమ్మ లోపలి పిడి పట్టుకుని, తనంతట తనే ఎక్కి కూర్చుంది. నేను చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది!

మెట్టుకి మోటార్ ఎక్కడుందా అని వంగి చూశా. లేదట. తలుపు జరిగితే ఆ కదలికే మెట్టుని బయటికి తోస్తుంది. జపాన్ వాళ్ళు దీన్ని ‘కరకురి’ అంటారు. కరెంటు లేని ఎడో కాలంలోనే అతిథికి టీ కప్పు మోసుకెళ్ళే బొమ్మల్ని చేశారు. ఆ విద్యే ఇది.

నోవా అచ్చంగా జపాన్ కుటుంబాల కోసం చేసిన మినీవ్యాన్. ఏడుగురో ఎనిమిదిమందో కూర్చోవచ్చు. అయినా వెడల్పు 1,730 మిల్లీమీటర్లే. మన ఇన్నోవా హైక్రాస్ సుమారు 1,850. అక్కడ సందులు ఇరుకు. చాలాచోట్ల పార్కింగ్ స్థలం చూపించి పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప కారు రిజిస్టర్ కాదు. అందుకే పక్కకి జరిగే తలుపులు. పిల్లలు ఎంత దూకుడుగా దిగినా పక్క కారుకి గీత పడదు.

2022లో వచ్చిన నాలుగో తరం నోవాలో ఫ్లోర్ ఎత్తు నేల నుంచి 380 మిల్లీమీటర్లు. మెట్టు ఎత్తు 200. అదనంగా డబ్బు కట్టి పెట్టించుకోవాలి. అది చేసేదల్లా ఒక పెద్ద అడుగుని రెండు చిన్న అడుగులు చేయడమే. మా అమ్మకి మాత్రం అది ‘ఎవర్నీ అడగక్కర్లేదు’ అన్న ధైర్యం.

విజయవాడలో ఆ కారు కొన్నది నేనే. స్క్రీన్ ఎన్ని అంగుళాలు, సన్‌రూఫ్ ఉందా, మైలేజ్ ఎంత.. అన్నీ అడిగా. అమ్మ కాలు ఎంత ఎత్తు లేస్తుందో మాత్రం చూడలేదు. ఈసారి కారు కొంటే అమ్మనే ముందు షోరూమ్‌కి తీసుకెళ్తా. ‘ఎక్కి చూడమ్మా’ అన్నాకే మిగతా ఫీచర్లు. మీరూ అంతే చేయండి.

తర్వాతి ఆదివారం నేనింకా నిద్ర కూడా లేవలేదు. అమ్మ అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

‘మీ వాడు కారు తెస్తున్నాడా?’