చప్పుడు చల్లదనానికి గుర్తు కాదు

"డెస్క్‌టాప్ అన్నాక ఫ్యాను హోరు తప్పదు. గట్టిగా తిరుగుతోందంటే ప్రాసెసర్ చల్లగా ఉన్నట్టే." కంప్యూటర్లు కూర్చి అమ్మేవాళ్ళూ, బాగుచేసేవాళ్ళూ ఈ మాట ఎంత ధీమాగా అంటారంటే, అడిగినవాళ్ళు మారుమాట్లాడకుండా ఇంటికెళ్ళి ఆ హోరులోనే బతుకుతారు. రెండు గదుల ఇంట్లో అన్న అర్ధరాత్రి వీడియో ఎడిటింగ్ చేస్తుంటాడు. చెల్లెలు ఆ పక్కనే చెవులు మూసుకుని పోటీ పరీక్షకు చదువుతుంటుంది. ఇద్దరికీ ఇది తప్పని బాధ అని చెప్పేశారు. ఆ చెప్పడమే తప్పు. ఫ్యాను హోరెత్తుతోందంటే ఎక్కడో లెక్క తప్పిందని అర్థం. చాలాసార్లు ఆ తప్పు ఫ్యానులో ఉండదు కూడా.

వేడి ఎక్కడ పుడుతోందో ముందు చూడాలి. ప్రాసెసర్ లాగే కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. వంద వాట్లు లాగితే వంద వాట్ల వేడి. కూలర్ ఆ వేడిని మాయం చేయదు, చిప్ మీది నుంచి గాలిలోకి మోసుకెళ్తుంది. కాబట్టి చప్పుడు తగ్గించే పని వాట్ల దగ్గర మొదలవ్వాలి. చిప్ ఖర్చు చేసే విద్యుత్తు దాని వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజి వర్గంతో ఇంకా పెరుగుతుంది. చివరి రెండు మూడు వందల మెగాహెర్ట్జ్ పిండుకోవాలంటే వోల్టేజి బాగా ఎక్కించాలి. ఆ కాస్త వేగానికి మనం కట్టే మూల్యమే ఈ హోరు.

ఇంటెల్ కోర్ ఐ9-13900కే బేస్ పవర్ 125 వాట్లు, టర్బోలో 253 వాట్లు. అదే ప్రాసెసర్‌ను 65 వాట్లకు కట్టేస్తే, అంతకు ముందు తరం 12900కే 241 వాట్లు లాగి చేసిన మల్టీ థ్రెడ్ పనంతా చేస్తుందని 2022లో ఇంటెలే ప్రకటించింది. ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ 230 వాట్ల దాకా లాగుతుంది. ఏఎండీయే ఇచ్చిన ఎకో మోడ్ పెడితే 142కో, ఇంకా కిందికి 88కో దిగుతుంది. వాట్లు సగానికి పైగా తగ్గినా పని సగానికి పడిపోదు. రోజంతా రెండరింగ్ చేసేవాళ్ళకు కొంత ఆలస్యం అవుతుంది, అది నిజమే. ఆటలాడేవాళ్ళలో చాలామందికి తేడా కనిపించదు, ఎందుకంటే మామూలు ఆట ప్రాసెసర్ చేత అంత కరెంటు లాగించదు. ఇది ఓవర్‌క్లాకింగ్ లాంటి సాహసమూ కాదు, తయారుచేసినవాళ్ళే బయోస్‌లో ఉంచిన వెసులుబాటు. అయినా దాని గురించి కొనేవాళ్ళకు ఎవరూ చెప్పరు. పైపెచ్చు కొన్ని ఖరీదైన మదర్‌బోర్డులు పెట్టెలోంచి తీసేసరికే ఈ పరిమితులన్నీ ఎత్తేసి ఉంటాయి, పోటీ బోర్డు కన్నా రెండు మార్కులు ఎక్కువ చూపించుకోవడానికి.

"పరిమితి పెడితే డబ్బు పోసి కొన్నది వృథా కాదా?" అని అడుగుతారు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని ఉన్నట్టుండి క్రాష్ కావడం మొదలుపెట్టాయి. ఆ సంస్థ చూపించిన ప్రధాన కారణం, ప్రాసెసర్ మితిమీరిన వోల్టేజి అడగడం. ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ తెచ్చి, వారంటీ మరో రెండేళ్ళు పొడిగించింది. అది పెద్ద కూలర్ కొని వదిలించుకునే జబ్బు కాదు. మితంగా వాడుకోవడం వృథా అనేవాళ్ళు ఈ ఉదంతం మరిచిపోకూడదు.

ఇక 95 డిగ్రీలు చూసి హడలిపోవడం. ఈ భయానికి ఒకప్పుడు కారణం ఉండేది. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైట్ వాళ్ళు నడుస్తున్న ప్రాసెసర్ల మీంచి హీట్‌సింక్ తీసేసి వీడియో తీశారు. ఏఎండీ అథ్లాన్ పొగలు కక్కి చచ్చిపోయింది. పెంటియం 4 మాత్రం తన వేగం తానే తగ్గించుకుని నడిచింది. ఆ రక్షణ ఇప్పుడు ప్రతి ప్రాసెసర్‌లోనూ ఉంది. హద్దు దాటబోతే చిప్ వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడెక్కితే మిషను ఆగిపోతుంది. రైజెన్ 7000 శ్రేణిని 2022లో తెచ్చినప్పుడు, బరువైన పనిలో 95 డిగ్రీల దగ్గర నిలబడి పనిచేయడం దాని తీరేనని ఏఎండీ చెప్పింది. అలాంటి చిప్‌కు ఎంత మంచి కూలర్ పెట్టినా అది ఆ 95కే ఎగబాకి, మిగిలిన వెసులుబాటును వేగంగా మార్చుకుంటుంది. అంకె తగ్గలేదని ఫ్యాన్లను 100 శాతానికి తోసేస్తే చప్పుడే మిగులుతుంది. అయితే బ్రౌజర్ మాత్రమే తెరిచి ఉన్నప్పుడు కూడా 90 చూపిస్తుంటే అది వేరే సంగతి. చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసిన పేస్టు ఎండిపోయి ఉండాలి, కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించి ఉండాలి, లేదా ఇంటెల్ స్టాక్ కూలర్ నాలుగు పిన్నుల్లో ఒకటి సరిగా దిగి ఉండదు. ఈ మూడూ చూడకుండా కొత్త ఫ్యాను అమ్మడం అన్యాయం.

అసలు చెవికి చేటు చేసేది ఫ్యాను కర్వ్, అంటే ఏ వేడికి ఫ్యాను ఎంత వేగంతో తిరగాలో చెప్పే గీత. దాని గురించే కొంచెం వివరంగా చెప్పాలి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఒక్క సెకనులో ఇరవై డిగ్రీలు ఎగిరి మళ్ళీ పడిపోగలదు. ఒక వెబ్ పేజీ తెరిస్తే చాలు. హీట్‌సింక్‌లోని లోహం అంత త్వరగా వేడెక్కదు, కాబట్టి ఆ సెకనులో ఫ్యాను పరుగెత్తడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. కానీ ఫ్యాక్టరీ సెట్టింగులో ఫ్యాను ఆ అంకె వెంటే ఉరుకుతుంది. ఒకసారి గుయ్యిమంటుంది, తగ్గుతుంది, మళ్ళీ గుయ్యిమంటుంది. ఒకే తీరున వినిపించే సన్నటి సవ్వడిని చెవి మరిచిపోతుంది కానీ ఈ ఎగుడుదిగుళ్ళను మరవదు. చాలా బయోస్‌లలో ఫ్యాను స్పందనను కొన్ని సెకన్లు ఆలస్యం చేసే సెట్టింగు ఉంటుంది. 70 డిగ్రీల దాకా గీతను దాదాపు చదునుగా ఉంచి, ఆ ఆలస్యం పెడితే, పైసా ఖర్చు లేకుండా సగం గోల సద్దుమణుగుతుంది.

వేగం లెక్కా అంతే ముఖ్యం. ఫ్యాను తోసే గాలి దాని వేగంతో సమానంగా పెరుగుతుంది, చప్పుడు మాత్రం అంతకు మించి పెరుగుతుంది. వేగం సగం చేస్తే శబ్దం సుమారు 15 డెసిబెళ్ళు పడిపోతుంది. పది తగ్గితేనే చెవికి సగమైనట్టుంటుంది. అలాంటి ఫ్యాను పక్కన ఇంకొకటి పెడితే పెరిగేది 3 డెసిబెళ్ళే. అంటే "ఫ్యాన్లు ఎక్కువైతే గోల ఎక్కువ" అన్నదీ పొరపాటే. పెద్దవి, నెమ్మదిగా తిరిగేవి రెండుంటే, విసురుగా తిరిగే చిన్నదాని కన్నా ఎక్కువ గాలి ఆడుతుంది, చప్పుడూ తక్కువే. ఆస్ట్రియాకు చెందిన నోక్టువా 2021లో అసలు ఫ్యానే లేని ఎన్‌హెచ్-పీ1 కూలర్ తెచ్చింది. వాట్లు మితంగా ఉండి, లోహం ఉపరితలం విశాలంగా ఉంటే నిశ్శబ్దం సాధ్యమేనని అది చూపిస్తోంది.

లిక్విడ్ కూలింగే మందు అనేవాళ్ళకూ జవాబు ఉంది. నీళ్ళు వేడిని రేడియేటర్ దాకా చేరుస్తాయి, అక్కడ దాన్ని వదిలించేది మళ్ళీ ఫ్యాన్లూ గాలీనే. గంగాళం నీళ్ళు చెంబు నీళ్ళ కన్నా ఆలస్యంగా కాగినట్టు, మొదటి కొన్ని నిమిషాలు అది అద్భుతంగా కనిపిస్తుంది. ఆ తర్వాత తేల్చేది రేడియేటర్ వైశాల్యమే. పైగా ఎప్పుడూ తిరుగుతుండే పంపు చప్పుడు ఒకటి. పంపు అరుగుతుంది, ద్రవం ఏళ్ళ తరబడి గొట్టాల గుండా కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. 250 వాట్లు నిజంగా లాగించాల్సినవాళ్ళు కొనుక్కోవచ్చు. 65 వాట్ల ప్రాసెసర్‌కు దాన్ని అంటగట్టడం మాత్రం కొనేవాళ్ళ జేబు కొట్టడమే.

పక్క తలుపు తీసేసి టేబుల్ ఫ్యాను పెట్టమనే సలహాకు రెండు మాటలు చాలు. తలుపు తీయగానే పది డిగ్రీలు తగ్గిందంటే, కేబినెట్ ముందువైపు గాలి ఆడడం లేదని తెలిసినట్టే. గాజు పలకో, దుమ్ము పట్టిన వడపోతో, కంప్యూటర్ టేబుల్ గూడులో గోడకు ఆనించి ఇరికించడమో కారణమై ఉంటుంది. దాన్ని సరిచేయాలి. తలుపు అలాగే వదిలేస్తే లోపలికి చేరేది దుమ్మే.

మన వేసవి సంగతి ఈ సలహాలిచ్చేవాళ్ళకు అసలు పట్టదు. గాలితో గానీ నీటితో గానీ పనిచేసే కూలర్ ఏదీ ప్రాసెసర్‌ను గది కన్నా చల్లగా చేయలేదు. కూలర్ చేతిలో ఉన్నది గది ఉష్ణోగ్రత మీద ఎంత పెరుగుదల అన్నదే. 24 డిగ్రీల గదిలో 70 చూపించిన ప్రాసెసర్, మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని 40 డిగ్రీల గదిలో, అదే పనికి 86 చూపిస్తుంది. ఆ పెరుగుదల 46 డిగ్రీలు. వాట్లు మూడో వంతు తగ్గిస్తే, ఫ్యాను వేగం పెంచకుండానే పెరుగుదల 31 దగ్గరికి వచ్చి, ప్రాసెసర్ 71కి దిగుతుంది. గది కూడా అంతమేర తక్కువ కాగుతుంది. చల్లటి దేశాల్లో తీసిన వీడియోల్లోని అంకెలు చూసి మన కుర్రాళ్ళు తమ మిషను పాడైందని బెంగపడుతున్నారు. వాళ్ళకు కావలసింది ఈ తీసివేత లెక్క.

మిషను కూర్చి ఇచ్చేవాళ్ళను నేను అడిగేది ఇదే. అమ్మేముందు బయోస్ తెరవండి. ఆ ప్రాసెసర్‌కు తగిన పవర్ లిమిట్ పెట్టండి, ఫ్యాను స్పందనను ఆలస్యం చేయండి, అరగంట బరువైన పని చేయించి వినండి. ఏం మార్చారో కాగితం మీద రాసి కొన్నవాళ్ళ చేతిలో పెట్టండి. బిల్లుతో పాటు అది కూడా అందుకోవడం వాళ్ళ హక్కు.