నోరు విప్పలేని విద్యార్థి

పిల్లవాణ్ణి మొదటిసారి ఉస్తాద్‌కు అప్పగించేటప్పుడు మన ఇళ్ళలో పెద్దలు ఒక మాట అనేవారు: "హడ్డీ హమారీ, గోష్త్ ఆప్‌కా." ఎముకలు మావి, మాంసం మీది అని అర్థం. ఎంత దండించినా ఫరవాలేదు, చదువు మాత్రం చెప్పండని వేడుకోలు. మా తండ్రిగారు మమ్మల్ని కూడా ఆ మాటతోనే మదరసాలో వదిలి వెళ్ళారు. ఆ మాటలో గురువు పట్ల గౌరవం ఉంది, చదువు పట్ల తపన ఉంది. కాని అందులో పిల్లవాడే లేడు. వాడికి పాఠం అర్థమయిందా, వాడి మనసులో ఏముంది అని అడిగే చోటు ఆ ఒప్పందంలో ఎవరూ ఉంచలేదు.

కాలం మారింది, బెత్తాలు తగ్గాయి. కాని పిల్లవాడు నోరు విప్పే చోటు పెరిగిందా? 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నేపథ్యంలో ఈ ప్రశ్న వేసుకోక తప్పదు. వైద్య విద్య ప్రవేశపరీక్షకు విశాఖపట్నంలో శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని 2023లో మరణించింది. ఆమె తండ్రి న్యాయం కోరుతూ కోర్టుకెక్కారు. న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతా ఆ కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో ఆగలేదు. దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చారు. పాఠశాలలు, కళాశాలలు, కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్ళు అన్నీ వీటి పరిధిలోకి వస్తాయి. చట్టసభలు తగిన చట్టం చేసేవరకు ఇవి అమలులో ఉంటాయని స్పష్టం చేశారు.

ఇంత దూరం ఎందుకు రావలసి వచ్చిందో జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్కలే చెబుతాయి. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. పరీక్షల్లో తప్పడం వల్ల జరిగినవిగా ఆ ఏడాది 2,248 మరణాలు నమోదయ్యాయి.

మార్గదర్శకాలలో తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. అంతకంటే చిన్న పాఠశాలలు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలి. మార్కులను బట్టి పిల్లలను వేరు వేరు బ్యాచ్‌లుగా విడదీయరాదు. నలుగురిలో అవమానించరాదు. శక్తికి మించిన లక్ష్యాలు మోపరాదు. ఉపాధ్యాయులకు, సిబ్బందికి ఏడాదిలో కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సహాయవాణి నంబర్లు అందరికీ కనబడేలా రాసి పెట్టాలి.

అయితే చట్టాలు, ఆదేశాలు మనకు కొత్త కాదు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. పిల్లవాడు భయం, ఆందోళన లేకుండా తన అభిప్రాయం చెప్పగలగాలని 29వ సెక్షన్ చెబుతోంది. కాని ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వారికే వర్తిస్తుంది. సరిగ్గా తొమ్మిది, పది తరగతుల ఒత్తిడి మొదలయ్యే వయసుకు పిల్లలు దాని పరిధి దాటిపోతున్నారు. ఆ లోటును ఈ తీర్పు కొంత పూడ్చింది.

ఇక్కడొక విషయం స్పష్టం చేసుకోవాలి. కౌన్సెలర్ గదిలోకి పిల్లవాడు వెళ్ళేది ఎప్పుడో ఒకసారి. తరగతి గదిలో వాడు గడిపేది రోజంతా. అక్కడ వాడి నోరు మూతపడి ఉంటే, కౌన్సెలర్ గదిలో మాత్రం ఎలా తెరుచుకుంటుంది? ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు 3.79 లక్షల మంది విద్యార్థులతో సర్వే జరిపింది. చదువు, పరీక్షలు, ఫలితాలే తమ ఆందోళనకు కారణమని 81 శాతం మంది చెప్పారు. ప్రశ్న అడగడానికి జంకుతామన్నవారు 28 శాతం. మొదటి అంకె గురించి అందరూ మాట్లాడుతారు. మా దృష్టిలో రెండోదే ఎక్కువ ఆలోచించవలసినది. నూరుమందిలో ఇరవై ఎనిమిది మంది అర్థం కాకపోయినా తల ఊపి ఊరుకుంటున్నారన్నమాట.

ఈ తప్పులో మా వాటా కూడా ఉంది. మేము ఉన్నత పాఠశాలలో ఉర్దూ చెబుతాం. ఒకసారి తొమ్మిదో తరగతిలో ఫేల్, ఫాయిల్, మఫూల్ పాఠం చెప్పి "అర్థమయిందా?" అని అడిగాం. "అయింది సార్" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. మర్నాడు చిన్న పరీక్ష పెడితే వెనుక బెంచీ అబ్బాయి తెల్లకాగితం ఇచ్చాడు. పక్కకు పిలిచి కారణమడిగాం. చాలాసేపటికి అన్నాడు: "పూఛే తో సబ్ హస్తే సార్. ఆప్ భీ బోల్తే, కల్ హీచ్ తో బతాయా నా." అడిగితే అందరూ నవ్వుతారు, నిన్ననే కదా చెప్పానని మీరూ అంటారు అని. అంతకు వారం ముందు మరో పిల్లవాణ్ణి మేము సరిగ్గా ఆ మాటే అన్నాం. బెత్తం ముట్టని మా చేతులు చూసుకుని ఇన్నాళ్ళూ గర్వపడ్డాం. మా నాలుకే బెత్తమైందని ఆనాడు తెలిసింది.

అప్పటినుంచి "అర్థమయిందా?" అని అడగడం మానేశాం. మేము చదువుకున్న మదరసాలో తక్రార్ అనే పద్ధతి ఉండేది. పాఠం ముగిశాక విద్యార్థులు చిన్న చిన్న జట్లుగా కూర్చునేవారు. ఒకరు ఉస్తాద్ చెప్పిన పాఠాన్ని తిరిగి చెబితే మిగతావారు మధ్యలో ఆపి ప్రశ్నించేవారు. ఉస్తాద్ ముందు దాచిన సందేహం తోటివాడి ముందు బయటపడేది. అదే మదరసాలో బెత్తం కూడా ఉండేదన్నది యథార్థం. బెత్తాన్ని వదిలేసి తక్రార్‌ను తెచ్చుకున్నాం. చివరి పది నిమిషాలు పిల్లలు ఇద్దరిద్దరు కూర్చుని, తమకు వచ్చిన భాషలో, ఉర్దూ అయినా తెలుగు అయినా, పాఠాన్ని ఒకరికొకరు చెప్పుకుంటారు. మేము వింటూ తిరుగుతాం. ఎవరికి ఎక్కడ చిక్కుముడి పడిందో ఏ పరీక్షా లేకుండానే తెలిసిపోతోంది. వెనుక బెంచీ అబ్బాయి మొదటి ర్యాంకు తెచ్చుకోలేదు. కాని ఇప్పుడు "ఇది రాలేదు సార్" అని చెప్పగలుగుతున్నాడు. మాకు అదే గొప్ప ఫలితం.

తల్లిదండ్రుల బాధ్యత దీనికి తక్కువేమీ కాదు. తెలంగాణలో 2016లో 71తో మొదలైన మైనారిటీ గురుకులాలు తరువాత 200 దాటాయి. మన పిల్లలు ఎందరో ఇల్లు వదిలి హాస్టళ్ళలో చదువుతున్నారు. వారంలో ఒకసారి ఫోనులో దొరికే బిడ్డను "మార్కులెన్ని?" అని ముందు అడగకండి. "ఈ వారం నీకు ఏది కష్టమనిపించింది?" అని అడగండి. పక్కింటి పిల్లవాడితో పోల్చకండి. పాఠశాలకు వెళ్ళినప్పుడు కౌన్సెలర్ ఎవరు, మార్కుల ప్రకారం సెక్షన్లు చేశారా, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారా అని మర్యాదగానే అయినా తప్పక అడగండి. బిడ్డ మాటలు తగ్గినా, నిద్ర, తిండి మారినా నిర్లక్ష్యం చేయకండి. ప్రభుత్వ టెలీ మానస్ సహాయవాణి 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు. వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళడంలో పరువు తక్కువేమీ లేదు.

ఇక మీదట బిడ్డను బడిలో చేర్చే రోజున ఆ పాత మాట మనకు వద్దు. "మా వాడికి అర్థం కాకపోతే అడుగుతాడు, కాస్త అడగనివ్వండి" అని ఉపాధ్యాయునితో చెప్పి రండి. వినవలసిన బాధ్యత మాది.