మన ఇంటి కంప్యూటరు ఎవరి ఏలుబడిలో ఉంది?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు అందించడాన్ని మైక్రోసాఫ్ట్ సంస్థ ముగించింది. మరో ఏడాదిపాటు వాటిని పొందే ఏర్పాటు ఒకటి ప్రకటించినా అది తాత్కాలికమే. తరువాతిదైన విండోస్ 11 కావాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ వారిదైతే ఎనిమిదవ తరమో అంతకు పైదో అయిన ప్రాసెసరు ఉండాలన్నారు. అంటే బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో, దెగ్లూరులో మన మధ్యతరగతి ఇళ్లలో నిన్నటిదాకా చక్కగా పనిచేస్తున్న పాత కంప్యూటర్లలో చాలావాటిని ఇక పాత ఇనుముగా లెక్కించుకోమని చెప్పడమే. యంత్రం చెడిపోలేదు. దానిలోని వ్యవస్థకు యజమాని అయినవాడు గడువు ముగించాడు.

సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఇటువంటి నిర్ణయాలు కొత్త కాదు. ఎక్కడో కూర్చున్నవారు గీత గీస్తే మన పిల్లల బడి మారిపోయిన అనుభవం 1956 నుంచీ మనకుంది. అయితే ఈ గీతను దాటేందుకు రాజధానుల చుట్టూ తిరగవలసిన అవసరం లేదు. పాత కంప్యూటరులోనే విండోస్‌కు బదులుగానో, దానితోపాటు పక్కపక్కనో మరొక నిర్వహణ వ్యవస్థను నడుపుకోవచ్చు. దాని పేరు లినక్స్.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో గ్నూ పథకాన్ని ప్రకటించాడు. 1991లో హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి ఒక కెర్నెల్ రాసి అందరి ముందూ పెట్టాడు. ఈ రెండూ కలిసినదే నేడు ఉబుంటు, డెబియన్, లినక్స్ మింట్ వంటి పేర్లతో దొరుకుతున్న వ్యవస్థ. దీనికి వెల లేదన్న మాటనే జనం ముందుగా చెప్పుకుంటారు. న్యాయశాస్త్రం చదివినవారికి మాత్రం దాని అనుమతి పత్రమే ఎక్కువ ఆసక్తికరం. విండోస్ ఒప్పందాన్ని ఓపికగా చదివితే, ఆ సాఫ్ట్‌వేరును మనకు అమ్మలేదనీ, వాడుకునేందుకు అనుమతి మాత్రమే ఇచ్చారనీ అందులోనే రాసి ఉంటుంది. గ్నూ వారి సార్వజనిక అనుమతి పత్రం దీనికి తలకిందులు. ఏ పనికైనా వాడుకో, విప్పి చూసుకో, మార్చుకో, మార్చినదాన్ని మరొకరికి పంచు అంటుంది. పంచేటప్పుడు, నీకు దక్కిన హక్కులను నీ తరువాతివాడికి తగ్గించకు అన్నదొక్కటే అది పెట్టే షరతు.

ఈ పత్రికకు దీనితో పనేమిటని పాఠకులు అడగవచ్చు. విండోస్‌లో తెలుగు లేదని ఎవరూ అనలేరు. ఇరవై ఏళ్లకు పైగా ఉంది, బాగానే ఉంది. ప్రశ్న తెలుగు ఉన్నదా లేదా అన్నది కాదు. ఎంతకాలం, ఎంత మేరకు ఉండాలో తేల్చేదెవరన్నదే ప్రశ్న. కంపెనీ తేల్చినప్పుడు మనం అర్జీదారులం. లినక్స్‌లో తెలుగు వచ్చిన దారి వేరు. దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఖతులు ఆ వ్యవస్థలో చేరాయి. రెడ్‌హ్యాట్ సంస్థ విడుదల చేసిన లోహిత్ ఖతి చేరింది. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థకు చెందిన యువకులు తెలుగులో కనిపించే పూర్తి వ్యవస్థను రూపొందించి ఆ పేరుతోనే పంచిపెట్టారు. పేరు కూడా తెలియని ఎందరో సాయంకాలాలు కూర్చుని ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగు చేశారు. ఫైలును వారు ‘దస్త్రం’ అన్నారు. కరణాల కాలం నుంచి మనకు తెలిసిన మాటే గనుక మాకు అభ్యంతరం లేదు. అభ్యంతరం ఉన్నవారు వేరే మాట సూచించి మార్పించవచ్చు. అందుకు సరిహద్దుకు ఏ వైపున ఉన్నామో చెప్పనక్కరలేదు. లినక్స్ లోపల తెలుగుకున్న గుర్తింపు సంకేతం కూడా ‘తెలుగు – భారతదేశం’ అనే రాసి ఉంటుంది. అందులో రాష్ట్రం పేరు లేదు.

పని పూర్తయిందని చెప్పలేము. తెలుగును ఎంచుకున్న తెర మీద నేటికీ నడుమ నడుమ ఇంగ్లీషు వాక్యాలు తొంగిచూస్తూనే ఉంటాయి. కొన్ని అనువాదాలు చదివితే ఇంగ్లీషే సులువనిపిస్తుంది. చేయిచేసుకునేవారు తగ్గడమే దీనికి కారణం. పది కోట్ల మందికి దగ్గరగా ఉన్న జాతికి ఇది గౌరవం కాదు.

మన పిల్లల విషయంలో మరొక సంగతి గమనించాలి. సరిహద్దు జిల్లాలో పెరిగే బిడ్డ బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదువుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. కంప్యూటరు ముందు కూర్చోగానే తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో రాస్తుంది. లిపి మరపుకు వచ్చేది ఇక్కడే. కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం 1980లలో ప్రమాణంగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు దీనికి మంచి మందు. అందులో భారతీయ లిపులన్నింటికీ మీటల అమరిక ఒక్కటే. ఇంగ్లీషు ‘కె’ మీట నొక్కితే తెలుగులో క, కన్నడంలో ಕ, తమిళంలో க, ఒడియాలో କ, మరాఠీలో क. ‘సి’ మీద మ, ‘ఎన్’ మీద ల. కోలారులో కన్నడం కొట్టడం నేర్చిన పిల్లకు తెలుగు కొట్టడం మళ్లీ నేర్పనవసరం లేదు, భాష మీట మారిస్తే చాలు. రాష్ట్ర భాష నేర్చినందువల్ల తల్లిభాష నష్టపోని చోటు ఇదొక్కటైనా ఉన్నందుకు సంతోషించాలి. ఈ అమరిక విండోస్‌లోనూ ఉన్నది. లినక్స్‌లో దీనితోపాటు ఆర్‌.టి.ఎస్‌., ఆపిల్ అమరికలకు అలవాటుపడిన పెద్దల కోసం అవి కూడా లభిస్తాయి.

ఇబ్బందులు దాచి ప్రచారం చేయడం మా పద్ధతి కాదు. మన అచ్చు ప్రపంచం ఇంకా చాలావరకు అను ఖతుల మీద, విండోస్ మీద నడుస్తున్నది. డి.టి.పి. పనితో బతికేవారు తొందరపడి మారితే పని ఆగిపోతుంది. ట్యాలీలో లెక్కలు రాసే దుకాణదారులదీ అదే పరిస్థితి. కొన్ని ప్రింటర్లు, సంతకపు టోకెన్లు లినక్స్‌లో మొరాయిస్తాయి. వీరు రెండు వ్యవస్థలనూ పక్కపక్కన ఉంచుకోవడం మేలు. ఉత్తరాలు, లెక్కల పట్టికలు, అంతర్జాలం, పిల్లల చదువు, సినిమా పాటలు – ఇంటి అవసరాలింతే అయినవారికి లిబ్రే ఆఫీసు, ఫైర్‌ఫాక్స్ సరిపోతాయి. వాటికి తెలుగు ముఖమూ ఉంది. మొదట పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడవచ్చు. డిస్కులో ఉన్నదేదీ చెరగదు. స్థాపించదలచినప్పుడు మాత్రం భూమి కాగితాలు, పెళ్లి ఫొటోలు ముందుగా మరొక చోట నకలు తీసిపెట్టుకోండి. డిస్కును విభజించేటప్పుడు ఒక్క తప్పు మీట చాలు, అన్నీ పోవడానికి.

ఇదంతా ఇంజనీర్ల ముచ్చట అనుకునేవారు ఏదైనా తాలూకా కోర్టుకు వెళ్లి చూడండి. ఈ-కోర్టుల పథకంలో దేశమంతటా జిల్లా, తాలూకా న్యాయస్థానాలకు ఉబుంటు లినక్స్‌నే ఎంచుకున్నారు. న్యాయమూర్తులకూ సిబ్బందికీ అందులోనే శిక్షణ ఇచ్చారు. తమిళనాడు ప్రభుత్వం 2011లో మొదలుపెట్టిన ఉచిత ల్యాప్‌టాప్‌లలో విండోస్‌తోపాటు సీ-డాక్ వారి బాస్ లినక్స్ కూడా ఉండేది. కృష్ణగిరి జిల్లాలో మన పిల్లలు ఎందరో అది తెరవకుండానే ఆ ల్యాప్‌టాప్‌లను అటక ఎక్కించారు.

అన్నింటికంటే మనకు ఆదర్శం కేరళ. 2001లో మొదలైన ‘ఐటీ@స్కూల్’ పథకం ఆ దశకంలోనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మారింది. 2017లో ‘కైట్’ అనే సంస్థగా రూపొంది నేటికీ ఆ దారినే నడుస్తున్నది. అక్కడి కాసరగోడులో కన్నడ మాధ్యమంలో చదివే అల్పసంఖ్యాక పిల్లలకు ఐటీ పాఠ్యపుస్తకం కన్నడంలోనే ఉంది. ఒక రాష్ట్రం తన భాషేతరులకు ఇంతమాత్రం చేయగలిగినప్పుడు, రాయగడలోని తెలుగు బడికీ, సిరోంచలోని తెలుగు పిల్లలకూ ఎందుకు చేయకూడదు?

చట్టం మనవైపే ఉంది. 1956 నాటి ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించేందుకు తగిన సదుపాయాలు కల్పించే ప్రయత్నం చేయాలని రాష్ట్రాలను ఆదేశిస్తున్నది. పాఠశాలకిచ్చిన కంప్యూటరు నేడు బోధనా సదుపాయం కాదని ఏ అధికారి వాదించగలడు? అందులో తెలుగు కీబోర్డు, తెలుగు ఖతి తెరిచి ఉంచడానికి ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు. నిధుల కొరత అన్న సాకు ఇక్కడ పనికిరాదు.

కాబట్టి తెలుగు మాధ్యమం మిగిలి ఉన్న ప్రతి బడి తల్లిదండ్రులూ రెండు కాగితాలు పెట్టాలని కోరుతున్నాము. ఒకటి 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద: మా బడిలో కంప్యూటర్లెన్ని, వాటిలో ఉన్న వ్యవస్థ ఏది, తెలుగులో రాసే ఏర్పాటు ఉన్నదా? ఈ దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలని ఆ చట్టం ఆరవ సెక్షను అంటున్నది గనుక యానాంవారు తప్ప తక్కినవారు తెలుగులో రాసి తిరస్కారం కొనితెచ్చుకోవద్దు. రెండవది జిల్లా విద్యాధికారికి వినతిపత్రం. దీన్ని తెలుగులోనే రాయండి. కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా వినతి ఇచ్చుకునే హక్కును 350వ అధికరణం ప్రతివారికీ ఇస్తున్నది. దాని నకలు ఒకటి భాషాల్పసంఖ్యాకుల కమిషనరుకు, ఒకటి మా కార్యాలయానికి పంపండి. ముట్టినట్టు రసీదు తీసుకోవడం మరవకండి.