వాడకట్టుకూ బడ్జెట్‌లో పద్దు కావాలి

గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ బడ్జెట్‌లో రోడ్లు, మురుగు కాల్వలు, పారిశుద్ధ్యం, తాగునీరు, వీధిదీపాలు, జీతాలు, కరెంటు బిల్లులు వరుసగా కనిపిస్తాయి. అన్నీ అవసరమైనవే. కానీ మట్టెవాడలో వాడకట్టువాళ్లు నడుపుకొనే పఠన మందిరానికి నాలుగు బల్లలు కావాలన్నా, దేశాయిపేటలో ఆడపిల్లల కబడ్డీ జట్టుకు మ్యాట్ కావాలన్నా, రంగంపేటలో పెద్దమనుషులు సాయంత్రాలు కూర్చునే గదికి రేకులు మార్చాలన్నా, ఇదిగో ఈ పద్దు కింద అడగండి అని చెప్పడానికి వీలైన చోటు అందులో లేదు. ఆ పద్దు పెట్టాలి. డివిజన్‌కు ఏడాదికి 5 లక్షల రూపాయల చొప్పున కేటాయించి గ్రంథాలయాలకు, మహిళా బృందాలకు, యువజన సంఘాలకు, కాలనీ కమిటీలకు చిన్నచిన్న మొత్తాలుగా నేరుగా ఇవ్వాలి. 66 డివిజన్లకు కలిపితే అయ్యేది 3 కోట్ల 30 లక్షలు. వందల కోట్ల బడ్జెట్ వేసుకునే నగరం ఈ మాత్రం ఇవ్వలేనని అంటే నమ్మడం కష్టం. ఇది ఎవరో వేసే భిక్ష అని కూడా అనుకోనక్కర్లేదు. ఆస్తిపన్ను కట్టిన వాళ్ల సొమ్ములో కాస్త, తమ వాడ కోసం వాళ్లు చేసుకునే పనికి తిరిగి వస్తుంది.

మట్టెవాడ పేరు ముందు చెప్పడానికి కారణం ఉంది. భోగేశ్వరస్వామి గుడి ఉన్న ఈ పాత పేటలోనే నిజాం కాలంలో శబ్దానుశాసనాంధ్ర భాషానిలయం వెలిసింది. పక్కన హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో పుట్టింది. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లోనే మొదలైంది. వరంగల్‌కు పురపాలక సంఘం వచ్చింది 1899లో. అంటే ఈ జంట ఊళ్లలో పౌర సంస్థలకూ పురపాలనకూ దాదాపు ఒకటే వయసు. తెలుగులో చదువు చెప్పే బడి అరుదైన రోజుల్లో, ఆ తర్వాత గస్తీ నిషాన్ 53 వచ్చి సభ పెట్టుకోవడానికే సర్కారు అనుమతి అవసరమైన రోజుల్లో, చందాలతో, దాతల విరాళాలతో ఆ గ్రంథాలయాలు నిలిచాయి. పేపరు చదవడానికి వచ్చినవాళ్లు అక్కడే లోకజ్ఞానం నేర్చారు, వాదించుకున్నారు, ఆంధ్ర మహాసభ దాకా వెళ్లారు. కాళోజీ తరం మనుషులు ఎదిగింది ఆ గాలిలోనే. ఈ ఊరికి పౌరచైతన్యం ఎవరూ పైనుంచి తెచ్చి ఇవ్వలేదు. నాలుగు బెంచీలు, రెండు బీరువాలున్న గదుల్లో తయారైంది. అలాంటి గదులు నిలబడటానికి నగరపాలక సంస్థ ఏం చేస్తోందని అడగడం మా హక్కు, ఈ ఊరి హక్కు.

ఇవాళ ఒక వాడకట్టు సంఘం ఎట్లా నడుస్తుందో దగ్గరి నుంచి చూసినవాళ్లకు తెలుసు. కార్యదర్శి చేతిలో రసీదు పుస్తకం, వెంట ఇద్దరు కుర్రాళ్లు. దుకాణం తర్వాత దుకాణం ఎక్కుతారు. కిరాణం సేటు నూటపదహార్లు రాయిస్తాడు, మందుల షాపాయన ఐదువందల పదహార్లు ఇస్తాడు, తర్వాతి షాపులో ‘సారు లేడు, వచ్చే వారం రండి’ అంటారు. రాత్రి గుడి అరుగు మీద కూర్చుని చిల్లరతో సహా లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకుంటారు. పేపర్ల బిల్లు, కాలిపోయిన ఫ్యాను మోటారు వైండింగు, గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షకు చదివే పిల్లలు అడిగిన కొత్త పుస్తకాలు. ఎప్పుడూ ఎంతో కొంత తక్కువపడుతుంది. ఆ తక్కువను కార్యదర్శి ఇంట్లో మాట రాకుండా తన జేబులోంచే సర్దుతాడు. ఏళ్ల తరబడి ఇట్లా సర్దిన మనిషి ఒకరోజు అలసిపోయి తాళంచెవి అప్పజెప్పేస్తే, పుచ్చుకునేవాడు దొరకడు. గది మూతపడుతుంది. ఆ తర్వాత ఎన్ని లక్షలు పోసినా అది మళ్లీ తెరుచుకోదు, ఎందుకంటే అక్కడ పోయింది మనుషుల మధ్య ఏళ్లుగా కుదిరిన నమ్మకం.

అదే కార్యదర్శి నగరపాలక సంస్థకు వెళ్లాడనుకోండి. ఆ ఆఫీసుకు తెలిసింది ‘వర్క్’ ఒక్కటే. వర్క్ అంటే ఎస్టిమేటు, సాంక్షన్, టెండరు, కాంట్రాక్టరు, కొలతల పుస్తకం (ఎంబీ) రికార్డు, బిల్లు. సిమెంటు పోయనిది ఏదైనా ఆ దారిలో ఇమడదు. ఇరవై వేల రూపాయల పుస్తకాలకు ఎంబీ ఎక్కడ రాస్తారు? దాంతో ఆయన చివరికి నాయకుడి ఇంటి గుమ్మం ఎక్కుతాడు. నాయకుడు మంచివాడైతే సొంత డబ్బు ఇస్తాడు, ఇచ్చినందుకు గోడ మీద ఫ్లెక్సీ కడతారు, ఎన్నికలప్పుడు ఆ సంఘం ఎవరివైపో ఊరంతా తేల్చేస్తుంది. హక్కుగా అందాల్సింది ఎవరిదో దయగా మారుతోంది. మా అభ్యంతరం వ్యక్తుల మీద కాదు. అడగడానికి ఒక పద్ధతి లేకపోవడం మీద. పద్ధతి లేనిచోట గట్టిగా మాట్లాడగలిగినవాడికి, పలుకుబడి ఉన్నవాడికి దొరుకుతుంది. బస్తీలో పది మంది ఆడవాళ్లు కలిసి నడిపే కుట్టు శిక్షణకు దొరకదు.

చట్టం ఇప్పటికే సగం దారి వేసి ఉంచింది. 74వ రాజ్యాంగ సవరణ 3 లక్షలు దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. తెలంగాణ పురపాలక చట్టం 2019లో ఇంకా ముందుకు వెళ్లి, ప్రతి వార్డులో యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు ఒక్కొక్కటి చొప్పున నాలుగు కమిటీలు, కమిటీకి 15 మంది సభ్యులు అని రాసింది. 66 డివిజన్లకు లెక్కేస్తే 3,960 మంది. ఇంతమంది పౌరులను పేరుపేరునా పిలిచి కుర్చీ వేయమన్న చట్టం వాళ్ల చేతిలో ఒక్క రూపాయి పెట్టలేదు. తీర్మానించడానికి ఏమీ లేని కమిటీ సమావేశానికి రెండోసారి ఎవరొస్తారు? వార్డు కమిటీలు కాగితాల మీద మిగిలిపోవడానికి ప్రజల నిరాసక్తతను తప్పుపట్టడం అన్యాయం. డివిజన్‌కు 5 లక్షలు వాళ్ల ముందు పెట్టి, మీ వాడలో ఎవరికి ఇవ్వాలో మీరే చెప్పండి అంటే ఆ సమావేశానికి జనం రారంటారా? అదే చట్టం పచ్చదనానికి బడ్జెట్‌లో పది శాతం తప్పనిసరి చేసింది. మొక్కలకు పది శాతం రాయగలిగినప్పుడు మనుషుల సంఘాలకు అందులో చిన్న భాగమైనా రాయవచ్చు.

చిన్న మొత్తం ఏం చేయగలదో మన పట్టణాల మహిళలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద స్వయం సహాయక సంఘానికి రివాల్వింగ్ ఫండ్‌గా ఇచ్చింది 10 వేలు, వాటి సమాఖ్యకు ఇచ్చింది 50 వేలు. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ద్వారా వచ్చిన ఆ మొత్తాన్ని ఆధారం చేసుకునే సంఘాలు పొదుపు పెంచుకున్నాయి, బ్యాంకు గడప తొక్కాయి. ఆ పది వేల వెనుక, ప్రభుత్వం మమ్మల్ని ఒక సంఘంగా గుర్తించిందన్న ధైర్యం ఉంది. అది అప్పులకు, జీవనోపాధికి సంబంధించిన ఏర్పాటు. చదువుకు, ఆటకు, పాటకు, చెరువు కట్ట శుభ్రతకు, వృద్ధుల తోడుకు అలాంటిది మనకు లేదు.

2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నగరంలో నాలాలు పొంగి కాలనీలు మునిగినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. రెస్క్యూ బృందాలు తమ పని తాము చేశాయి. కానీ ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలామె ఉందో, ఏ సందులో గర్భిణి ఉందో తెలిసింది ఆ వాడ కుర్రాళ్లకే. పులిహోర పొట్లాలు కట్టి నడుంలోతు నీళ్లలో పంచినవాళ్లు వినాయక చవితికి, క్రికెట్ టోర్నమెంటుకు కలిసి చందాలు పోగుచేసినవాళ్లే. ఆపద రోజున పనికొచ్చే ఆ పరిచయం ఆపద రోజున పుట్టదు. మామూలు రోజుల్లో పదిమంది ఒకచోట కలిసే సాకు ఉంటేనే అది ఏర్పడుతుంది. అందుకే ఈ పద్దును అలంకారప్రాయమని కొట్టివేసే అధికారులతో మేం ఏకీభవించం.

దుర్వినియోగం అవుతుందన్న భయం నిజమైనదే. ఉమ్మడి రాష్ట్రంలో 1997 జనవరిలో మొదలైన జన్మభూమి అనుభవం మన ముందుంది. పనిలో ప్రజల వాటా ఉండాలన్న ఆలోచన మంచిదే అయినా, చాలాచోట్ల ఆ వాటాను ప్రజల పేరున కాంట్రాక్టరే కట్టాడు, కమిటీ సంతకాలకే పరిమితమైంది. ఆ పాఠం నేర్చుకుని రూల్సు పెట్టాలి. పదివేల నుంచి లక్ష దాకా మాత్రమే ఇవ్వాలి, కాంట్రాక్టరు ఆశపడేంత మొత్తం ఉండకూడదు. దరఖాస్తు తెలుగులో, ఉర్దూలో, ఒక్క పేజీ. 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘాలకు నేరుగా, రిజిస్ట్రేషన్ లేని చిన్న బృందాలకు ఒక సమాఖ్యో గ్రంథాలయమో పూచీపడితే దాని ద్వారా. డబ్బు ఇద్దరి ఉమ్మడి సంతకాలున్న బ్యాంకు ఖాతాలోకే పోవాలి. వార్డు సభలో అందరి ముందు దరఖాస్తులు చదవాలి, కాదన్న వాటికి కారణం కూడా చదవాలి. అడిగిన సంఘంతో సంబంధమున్న సభ్యుడు ఆ కాసేపు బయటికి వెళ్లాలి. సగం డబ్బు ముందు, బిల్లులు చూపాక మిగతా సగం. ఏమేం కొన్నారో, ఎంతకు కొన్నారో ఆ గది గోడ మీదే పెయింటుతో రాయాలి. ఆడిటర్ ఏడాదికోసారి వస్తాడు. వాడకట్టు ఆ గోడను రోజూ చూస్తుంది.

పార్టీ అనుబంధ సంఘాలకు, కుల సంఘాలకు, మతపరమైన ఉత్సవాల మండపాలకు ఇందులోంచి పైసా ఇవ్వకూడదు. ఈ గీత మొదటి ఏడే గట్టిగా గీయకపోతే మూడో ఏటికి మొత్తం నిధి మైకుసెట్లకు, ఫ్లెక్సీలకు పోతుంది. పండుగలు మన జనం ఎప్పుడూ తమ చందాలతోనే ఘనంగా చేసుకున్నారు, ఇకముందూ చేసుకుంటారు. నాయకుడి బొమ్మ వేసిన సంఘం తర్వాతి ఏడాదికి అనర్హమన్న నిబంధన కూడా ఉండాలి. ఇది ప్రజల డబ్బు. దాని మీద ఎవరి ముఖమూ ఉండనక్కర్లేదు.

డబ్బెక్కడిదన్న ప్రశ్నకు జవాబు సొంత ఆదాయంలోనే ఉంది. 15వ ఆర్థిక సంఘం మనలాంటి నగరాలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం నీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది. అక్కడి నుంచి తీయమని మేం అనడం లేదు. ఆస్తిపన్ను, అనుమతుల ఫీజులు నగరం సొంత సంపాదన, వాటి మీద నిర్ణయం నగరానిదే. పాలకవర్గం కొలువై ఉన్నా, ప్రత్యేకాధికారి పాలన ఉన్నా ఈ మాత్రం నిర్ణయానికి అడ్డేమీ లేదు.

ఇది ఎక్కడా లేని వింత కూడా కాదు. అమెరికాలోని సియాటిల్ నగరం 1988లో మొదలుపెట్టిన నిధిలో వాడ సంఘం ఎంత సమకూర్చుకుంటే నగరం అంతకు దీటుగా ఇస్తుంది. సంఘం వాటా డబ్బే కానక్కర్లేదు, స్వచ్ఛందంగా పనిచేసిన గంటలకూ విలువ కట్టి లెక్కలో వేస్తారు. శ్రమదానం మనకు తెలియని మాట కాదు. మట్టెవాడ కుర్రాళ్లు ఆదివారం పూట రంగులు వేసిన గంటలను వాటాగా లెక్కగట్టడానికి మనకు అడ్డేముంది? మనదేశంలోనే పుణె నగరపాలక సంస్థ 2006-07 బడ్జెట్ నుంచి తమ వార్డులో ఏ పని కావాలో పౌరులనే రాసివ్వమని అడుగుతోంది. కేరళలో స్టేట్ లైబ్రరీ కౌన్సిల్, ప్రజలు నడిపే గ్రంథాలయాలకు పనితీరును బట్టి గ్రేడులిచ్చి ఏటా గ్రాంటు ఇస్తోంది. ఏటా వస్తుందన్న భరోసా అక్కడ అసలు సంగతి. మన దగ్గర ఎవరైనా మంత్రి వచ్చినప్పుడు ఒకసారి ప్రకటించే సాయం ఆ పని చేయలేదు.

ఈ నగరం పెద్ద పనులు చేయగలదని రుజువు చేసుకుంది. 2014లో శంకుస్థాపన జరిగిన కాళోజీ కళాక్షేత్రం పదేళ్లు పట్టినా 2024 నవంబరులో తెరుచుకుంది. అది ఈ ఊరికి గర్వకారణం. అయితే అక్కడ వేదికెక్కాల్సిన పిల్ల మొదటి పాట నేర్చుకునేది తన వాడలోని చిన్న గదిలోనే. 2022 సెప్టెంబరులో యునెస్కో తన అభ్యసన నగరాల సముదాయంలో త్రిసూర్, నిలంబూర్‌లతో పాటు వరంగల్‌ను చేర్చింది. ఆ గుర్తింపు పత్రంలోని మాటలు నిజం కావాలంటే ఆ గదుల్లో బల్బు వెలగాలి, బల్ల ఉండాలి.

ఇక్కడే ఇంకో బాకీ సంగతి కూడా చెప్పాలి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. ప్రైవేటుగా నడిచే గ్రంథాలయాలకు గ్రాంటు ఇవ్వడానికి కూడా ఆ చట్టంలో వీలుంది. ఇంటి యజమాని ఈ సెస్సును పన్నుతో కలిపి కట్టేస్తున్నాడు. రాష్ట్రంలో చాలా పురపాలికలు మాత్రం దాన్ని సకాలంలో జమచేయక ఇతర ఖర్చులకు వాడుకుంటున్నాయి. పాఠకుడి పేరు మీద వసూలైన డబ్బు అది. గ్రేటర్ వరంగల్ ఏటా ఎంత సెస్సు వసూలు చేసిందో, ఎంత జమచేసిందో డివిజన్ల వారీగా ప్రకటించాలి. బకాయి ఉంటే వచ్చే బడ్జెట్ సమావేశానికి ముందే చెల్లించాలి. ఆ సమావేశంలోనే వాడకట్టు నిధికి పద్దు తెరిచి, జూన్ కల్లా దరఖాస్తులు పిలిచి, మట్టెవాడ లాంటి పాత పేటల్లో మొదటి వార్డు సభలు పెట్టాలి.