ఇంటి జాగా అడగడం నేరమా?

జూలై 28 వస్తే ముదిగొండ గుర్తుకొస్తుంది. 2007లో ఆ రోజున, పేదలకు సాగుభూమి, ఇళ్ల స్థలాలు ఇవ్వాలని వామపక్షాలు రాష్ట్ర బంద్‌కు పిలుపునిచ్చాయి. ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. పోరాడినవాళ్లు కొత్తగా కోరిందేమీ లేదు. ప్రభుత్వమే వేసిన కోనేరు రంగారావు కమిటీ సిఫార్సులు అమలు చేయమన్నారు.

తుపాకీ పేలితే రాష్ట్రమంతా కదులుతుంది. కేసు పెడితే పక్క ఊరికి కూడా తెలియదు. ప్రభుత్వ భూమిలో గుడిసె వేస్తే అక్రమ ప్రవేశం అంటారు. కూల్చవద్దని ఐదుగురు అడ్డం నిలిస్తే చట్టవిరుద్ధ సమావేశం అంటారు. పాత శిక్షాస్మృతి 149వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 190వ సెక్షన్ ఒకరు చేసిన నేరాన్ని ఆ గుంపులోని అందరి మెడకూ చుట్టగలవు. అన్నం మూట తెచ్చిన ఆడమనిషి, అండగా వచ్చిన సంఘం కార్యకర్త కూడా ముద్దాయిలవుతారు. ఆపైన ఏళ్ల తరబడి కూలి పోగొట్టుకుని వాయిదాలకు తిరగాలి. తీర్పు రాకముందే శిక్ష మొదలవుతుంది. సాయానికి రాబోయేవాళ్లు వెనకాడతారు. కేసు పెట్టినవాళ్లకు కావలసిందీ అదే.

ఇది కూలీల గొడవ, రైతులకెందుకని మనలో కొందరు అడుగుతున్నారు. రేపు మన చేలో గుడిసెలు వేస్తే ఎట్లా అన్న భయమూ ఉంది. ఆ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోం. చిన్న రైతు పట్టా భూమి జోలికి ఎవరొచ్చినా ఒప్పుకోం. మేము అడుగుతున్నది ప్రభుత్వ భూమి, సీలింగ్ మిగులు భూమి, పెద్దలు కబ్జా చేసిన భూమి. అక్కడ ఎకరాలు మింగినవాడికి నోటీసు కూడా వెళ్లదు. రెండు సెంట్లలో గుడిసె వేసినవాడికి అరెస్టు. భూసేకరణ వద్దని మనం రోడ్డెక్కిన రోజున మన మీద పడేవీ ఈ సెక్షన్లే.

జీవించే హక్కులో నివాసం భాగమని సుప్రీంకోర్టు చమేలీ సింగ్ కేసులో చెప్పింది. కాబట్టి ఇళ్ల స్థలాల పోరాటాల్లో పెట్టిన కేసులను ప్రభుత్వం ఎత్తివేయాలి. ప్రత్యామ్నాయ స్థలం చూపకుండా గుడిసెలు తొలగించకూడదు. అదే సమయంలో మన గ్రామ కమిటీలు తమ ఊళ్లో ఎవరి మీద ఏ కేసు ఉందో, వాయిదా ఎప్పుడో రాసిపెట్టాలి. వాయిదా రోజున ఆ కూలీని కోర్టుకు ఒంటరిగా పంపవద్దు. మనలో ఇద్దరం తోడు వెళదాం.