ప్రాణం కాపాడిన అబద్ధం పాపమా?

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మా వీధిలోని ఒక ఇల్లాలు, తాగివచ్చి కొట్టే భర్త దెబ్బలకు తాళలేక, ఒక రాత్రి పసిబిడ్డతో మా ఇంట తలదాచుకున్నది. కొంతసేపటికి అతడు కొడవలి పట్టుకొని వచ్చి, తన భార్య మా ఇంట ఉన్నదా అని అడిగాడు. నా భార్య గుమ్మంలో నిలబడి, “ఇక్కడికి రాలేదు” అన్నది. అతడు వెళ్ళిపోయాడు. తెల్లవారగానే ఆమెను పుట్టింటికి చేర్చాము. కాని ఆనాటినుండి నా భార్య ఆలయంలో ప్రభువు బల్లను సమీపించడం లేదు. అబద్ధికుల గతి ఏమిటో ప్రకటన గ్రంథంలో వ్రాసి ఉన్నది కదా అని కుమిలిపోతున్నది. సంఘ పెద్దలలో కొందరు కూడా, “అబద్ధం అబద్ధమే” అంటున్నారు. లేఖనం ఏమంటున్నది?

— ఒక పాఠకుడు

సమాధానం: అబద్ధం ఆడినందుకు నిద్రపట్టని మనస్సు ఈ రోజులలో అరుదైనది. కనుక ఆ సోదరి వేదనను, “ఇదేమంత విషయం?” అని తీసివేయడం న్యాయం కాదు. బైబిలు అబద్ధాన్ని తేలికగా చూడదు. అననీయ, సప్పీరా దంపతుల కథ అందుకు చాలిన సాక్ష్యం. విశ్వాసులు ఒకరితో ఒకరు అబద్ధమాడరాదని పౌలు పత్రికలు స్పష్టంగా బోధిస్తున్నాయి.

అయితే ఆజ్ఞను దాని స్వస్థలంలో నిలిపి చూడాలి. పది ఆజ్ఞలలో ఉన్నది “అబద్ధమాడవద్దు” అన్న విడిమాట కాదు. పొరుగువానికి విరోధంగా అబద్ధసాక్ష్యం చెప్పవద్దన్న కట్టడ. అది న్యాయసభలోని మాట. మోషే ధర్మశాస్త్రంలో ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీద మరణశిక్ష విధించవచ్చును. అటువంటి చోట అబద్ధం హత్యాయుధమే. నాబోతు ద్రాక్షతోటకోసం యెజెబెలు ఇద్దరు దొంగసాక్షులను నిలిపి, ఆ నిర్దోషిని రాళ్ళతో కొట్టించి చంపించింది. ఆ ఆజ్ఞ ప్రధానంగా కాపాడదలచింది పొరుగువాని ప్రాణాన్ని, మానాన్ని, ఆస్తిని.

హెబ్రీ భాషలో సత్యానికి వాడే “ఎమెత్” అన్న మాట చెప్పుకోదగ్గది. దాని ధాతువుకు స్థిరంగా ఉండటం, నమ్మదగినదై నిలవటం అని అర్థం. మనం ప్రార్థన చివర పలికే “ఆమేన్” కూడా ఆ ధాతువునుండి పుట్టినదే. మాట వాస్తవానికి సరిపోవడం మాత్రమే కాదు, నమ్మి వచ్చినవారిని విడిచిపెట్టకపోవడం కూడా ఆ మాటలో ఇమిడి ఉన్నది. అనువాదంలో “సత్యం” అని వ్రాసినప్పుడు ఈ రెండవ అర్థం మన చెవికి అంతగా వినిపించదు.

ఇక లేఖనంలోని రెండు ఉదాహరణలు చూడండి. నిర్గమకాండం మొదటి అధ్యాయంలో, హెబ్రీయుల మగశిశువులను చంపవలసినదని ఫరో మంత్రసానులను ఆజ్ఞాపించాడు. షిఫ్రా, పూయా అనే ఆ ఇద్దరూ శిశువులను బ్రతకనిచ్చారు. రాజు నిలదీస్తే, హెబ్రీ స్త్రీలు తాము వెళ్ళకముందే ప్రసవిస్తున్నారని చెప్పారు. దేవుడు ఆ మంత్రసానులకు మేలు చేశాడని గ్రంథం చెబుతున్నది. యెహోషువ గ్రంథంలో రాహాబు ఇద్దరు వేగులవారిని మిద్దెమీద జనుపకట్టెలో దాచి, వారు వెళ్ళిపోయారని రాజభటులతో చెప్పింది. కొత్త నిబంధనలో హెబ్రీ పత్రిక ఆమె విశ్వాసాన్ని, యాకోబు పత్రిక ఆమె క్రియను మెచ్చుకున్నాయి.

దీనితో చర్చ ముగిసిందా? లేదు. క్రీ.శ. 4, 5 శతాబ్దాలకు చెందిన అగస్టీన్ ఈ సమస్యమీద రెండు గ్రంథాలు రచించాడు. దేవుడు మంత్రసానుల దయకు ప్రతిఫలమిచ్చాడే గాని వారి అబద్ధానికి కాదని ఆయన తీర్పు. ఏ అబద్ధమైనా పాపమే; అయితే ఇటువంటివి క్షమార్హమైనవి. ఆయన తగాస్తే నగరపు బిషప్పు ఫిర్ముస్ కథ చెబుతాడు. ఆ బిషప్పు తన ఆశ్రయం కోరిన ఒకనిని దాచాడు. చక్రవర్తి అధికారులు వచ్చి అడిగితే, తాను అబద్ధమాడలేను, అతనిని అప్పగించనూ లేను అన్నాడు. చిత్రహింసలు పెట్టినా మాట మారలేదు. చివరకు చక్రవర్తి ఆశ్చర్యపడి, దాగినవానికే క్షమాభిక్ష పెట్టాడు. గొప్ప ఆదర్శమే. కాని కొడవలి పట్టి గుమ్మంలో నిలిచిన తాగుబోతు ఆ చక్రవర్తివలె కరుగుతాడన్న హామీ ఎవరివ్వగలరు? ఫిర్ముస్ పణంగా పెట్టింది తన దేహాన్ని. మీ ఇంట పణంగా ఉన్నది మరొక తల్లి, ఒక పసిబిడ్డ.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ ప్రశ్న ఒకే కుటుంబాన్ని రెండుగా చీల్చింది. హాలెండులోని హార్లెమ్ పట్టణంలో గడియారాల వర్తకులైన టెన్ బూమ్ కుటుంబం, నాజీల పాలనలో యూదులను దాచింది. వారిలో నోలీ అనే సోదరి అబద్ధమాడదు. తన ఇంట ఉన్న యువతి యూదురాలా అని అడిగితే, అవునన్నది, ఇద్దరూ అరెస్టయ్యారు. ఆ యువతిని తరువాత ప్రతిఘటనోద్యమం వారు విడిపించారు. చెల్లెలు కోరీ మార్గం వేరు. 1944 ఫిబ్రవరి 28న తమ ఇంటిమీద దాడి జరిగినప్పుడు, ఎంత కొట్టినా ఆమె గుట్టు విప్పలేదు. దొంగగోడ వెనుక దాగిన ఆరుగురు దొరకలేదు. వారి వృద్ధ తండ్రి చెరలో పదిరోజులకే కన్నుమూశాడు. మరొక సోదరి బెట్సీ రావెన్స్‌బ్రూక్ శిబిరంలో మరణించింది. 1971లో వెలువడిన తన గ్రంథంలో కోరీ ఈ రెండు మార్గాలనూ దాచకుండా వ్రాసింది. ఇద్దరూ దేవునికి భయపడినవారే.

హిట్లరును ఎదిరించి, 1945లో 39వ ఏట ఉరికంబమెక్కిన జర్మన్ బోధకుడు బోన్‌హోఫర్, చెరసాలలో సత్యం పలకడాన్నిగురించి ఒక వ్యాసం మొదలుపెట్టి అసంపూర్తిగా విడిచాడు. అందులో ఒక ఉపాధ్యాయుడు, మీ నాన్న తరచు తాగివస్తాడా అని నిండు తరగతిలో ఒక బాలుని అడుగుతాడు. వస్తాడన్నది నిజమే. బాలుడు లేదంటాడు. ఆ ప్రశ్న అడిగే హక్కు ఉపాధ్యాయునికి లేదు. బాలుడు తనకు చేతనైనంతలో తన ఇంటి మర్యాద కాపాడుకున్నాడు. తప్పు బాలునిది కాదు, అడిగినవానిది అంటాడు బోన్‌హోఫర్. చంపడానికి వచ్చినవానికి, “ఎక్కడ దాగింది?” అని అడిగే హక్కు అంతకంటె లేదు.

మన దేశపు పాఠకులకు మహాభారతంలోని కౌశికుని కథ గుర్తుకు రావచ్చును. సత్యవ్రతుడైన ఆ తపస్వి, పారిపోతున్నవారి జాడను దొంగలకు చెప్పి, వారి చావుకు కారకుడై నరకానికి పోయాడు. అయితే భాగవతంలోని శుక్రాచార్యుణ్ణి కూడా మరువరాదు. అసత్యమాడినా దోషం లేని సందర్భాల పట్టికలో ఆయన ప్రాణరక్షణతోపాటు ధనరక్షణను, మానరక్షణను చేర్చాడు. బలి ఆ సలహాను త్రోసిపుచ్చాడు. మినహాయింపుకు ద్వారం తెరిస్తే ఏమేమి దూరుతాయో ఆ పట్టికే చెబుతున్నది.

కనుక కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఈ అబద్ధం ఎవరిని కాపాడింది? దాని ప్రమాదాన్ని ఎవరు మోశారు? పేతురు ఆ రాత్రి యేసును ఎరుగనన్నది తన ప్రాణంకోసం. మంత్రసానులు అబద్ధమాడింది ఇతరుల ప్రాణంకోసం, తమ ప్రాణాలు ఒడ్డి. మౌనంతో పని జరిగేదా? అడిగినవానికి నిజం తెలుసుకొనే హక్కు ఉన్నదా? పెండ్లి సంబంధంలో జబ్బు దాచడం, దొంగ ఆదాయపత్రం పుట్టించడం, అప్పులవానికి ఇంట లేనని చెప్పించడం — ఇవేవీ ఈ పరీక్షకు నిలవవు. మీ భార్య మాట నిలుస్తుంది.

ఆమె భయపడుతున్న ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం, 8వ వచనాన్ని మరల చదవమనండి. ఆ పట్టిక చివర అబద్ధికులున్నారు. మొట్టమొదట ఉన్నది పిరికివారు. నరహంతకులూ అందులో ఉన్నారు. ఆ రాత్రి ఆమె పిరికితనంతో తలుపు వేసికొనలేదు, నరహత్యకు దారి చూపలేదు. అగస్టీన్ ప్రకారం తీసుకున్నా అది క్షమార్హమైన పాపం. క్షమాపణ పొందగోరేవారికి బల్ల మూసి ఉండదు. బోన్‌హోఫర్ ప్రకారమైతే అందులో నేరమే లేదు. ఏ విధంగా చూచినా ఆమె దూరంగా ఉండవలసిన కారణం కనబడదు. వచ్చే ఆరాధనలో మీరిరువురూ కలిసి వెళ్ళండి.

పెద్దలకు కూడా ఒక మాట. లేవీయకాండం 5వ అధ్యాయం మొదటి వచనం, చూచినదీ ఎరిగినదీ సాక్ష్యమియ్యమని పిలిచినప్పుడు నోరు మెదపనివాడు తన దోషాన్ని తాను భరిస్తాడని చెబుతున్నది. ఆ ఇంటినుండి వినవచ్చిన ఏడ్పులు వీధిలో ఎవరికి తెలియవు? గృహహింసనుండి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26నుండి అమలులో ఉన్నది. దానిక్రింద ఆ ఇల్లాలు న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తే సాక్షులు కావాలి. అక్కడ మీ భార్య ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. “అబద్ధం అబద్ధమే” అన్న పెద్దలు కూడా ఆమె ప్రక్కన నిలబడి తాము చూచినది చెబితే, ఆజ్ఞను పూర్తిగా గైకొన్నవారవుతారు.